కలకత్తా యూదులు: ఎవరూ తరమలేదు, అయినా ఎందుకు వెళ్లిపోయారు?

ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు రైలు మార్గం సుమారు 115 కిలోమీటర్లు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్లి, రైల్వే వర్క్‌షాపులోనూ కార్యాలయాల్లోనూ పనిచేస్తూ తరతరాలుగా ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ దారి కొట్టిన పిండి. హౌరాలో దిగి, వంతెన దాటి, బడాబజారు వైపు వెళ్లేవారికి బ్రేబోర్న్ రోడ్డు పక్కన, కానింగ్ వీధి మూలలో ఎర్ర ఇటుకల భవనం ఒకటి కనిపిస్తుంది. దాని గడియార గోపురాన్ని చూసి చాలామంది అది చర్చి అనుకుంటారు. అది చర్చి కాదు. 1884లో నిర్మించిన మాగెన్ డేవిడ్ సినగాగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం.

లోపల పాలరాతి నేల, రంగుల అద్దాల కిటికీలు, స్త్రీలు కూర్చునేందుకు పై అంతస్తులో వసారాలు, తూర్పు దేశాల యూదు సంప్రదాయానికి తగిన అలంకారం అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. లేనిది ప్రార్థించే జనమే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ నగరంలో నాలుగైదు వేల మంది యూదులు ఉండేవారు. నేడు ఇరవైలోపే మిగిలారు. యూదుల ధర్మం ప్రకారం సామూహిక ప్రార్థన జరగాలంటే వయసు వచ్చిన పురుషులు కనీసం పదిమంది ఉండాలి. ఆ పదిమంది కూడా కూడని స్థితిలో, ఒకప్పుడు సందడిగా ఉన్న మూడు సినగాగులు కోల్‌కతాలో నిలిచి ఉన్నాయి.

ప్రపంచ చరిత్రలో యూదు సమాజాలు ఖాళీ అయిన చోట్ల కారణం వెతకనక్కరలేదు. బహిష్కరణ, బలవంతపు మతమార్పిడి, ఊచకోత, వాటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. కలకత్తాలో వాటిలో ఏదీ జరగలేదు. అయినా సమాజం కరిగిపోయింది. ఎందుకన్నది అర్థం కావాలంటే వారు ఎక్కడి నుంచి వచ్చారో, ఏ పనిమీద వచ్చారో ముందు చూడాలి.

బాగ్దాదు నుంచి గంగ ఒడ్డుకు

కలకత్తా యూదులను ‘బాగ్దాదీలు’ అంటారు. అందరూ బాగ్దాదు నుంచి వచ్చినవారు కారు. బస్రా నుంచి, సిరియాలోని అలెప్పో నుంచి, ఇరాన్ నుంచి వచ్చిన వారికీ ఆ పేరే స్థిరపడింది. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో నెబుకద్నెజరు జెరూసలేమును జయించి యూదులను చెరపట్టి బాబిలోనుకు తీసుకుపోయిన ఘట్టం తెలుగు బైబిలు చదివేవారికి తెలిసినదే. ఆ చెర ముగిసిన తరువాత కూడా అనేకులు అక్కడే ఉండిపోయారు. యూదు ధర్మశాస్త్రానికి పునాది వంటి తల్మూదు గ్రంథం ఆ నేలమీదే రూపుదిద్దుకుంది. అంటే ఇరాక్ యూదులు అక్కడికి శరణార్థులుగా నిన్న మొన్న వచ్చినవారు కారు. ఇస్లాం రాకకు వెయ్యేళ్ల ముందు నుంచీ అక్కడివారే.

ముస్లిం పాలనలో వారికి రక్షణ ఉండేది, సమానత్వం ఉండేది కాదు. జిజియా పన్ను కట్టాలి. దుస్తులు, గుర్రపు స్వారీ, కట్టడాల ఎత్తు వంటి విషయాల్లో ఆంక్షలు ఉండేవి. అవి ఒక్కొక్క కాలంలో కఠినంగా, ఒక్కొక్క కాలంలో పేరుకు మాత్రమే అమలయ్యేవి. మధ్యయుగపు ఐరోపాతో పోలిస్తే ఈ జీవితం మెరుగేనని చరిత్రకారులు చాలామంది అంగీకరిస్తారు. అయితే మెరుగు అన్నది పాలకుడి మీద ఆధారపడిన మెరుగు. 1817 నుంచి 1831 దాకా బాగ్దాదును ఏలిన దావూద్ పాషా కాలంలో ఆ ఆధారం కూలిపోయింది. సంపన్న యూదు కుటుంబాలను ఖైదు చేయడం, డబ్బు గుంజడం నిత్యకృత్యమయ్యాయి. తరువాతి కాలంలో బొంబాయి వాణిజ్యాన్ని శాసించిన డేవిడ్ ససూన్ ఆ రోజుల్లోనే బాగ్దాదు విడిచి, బుషెహ్ర్ రేవు మీదుగా బొంబాయి చేరారు. ఇరాన్‌లోని మష్‌హద్‌లో 1839లో అల్లరి మూకలు యూదుల వాడపై పడి, బతికినవారిని బలవంతంగా మతం మార్చాయి. మరుసటి ఏడు డమాస్కస్‌లో ఒక క్రైస్తవ సన్యాసి అదృశ్యమైతే, ఆచారం కోసం ఆయనను యూదులే చంపారన్న అభాండం మోపి, పెద్దలను చిత్రహింసలు పెట్టారు.

కలకత్తాకు వచ్చిన తొలి యూదు వలసదారుగా గుర్తింపు పొందిన షాలోం కోహెన్ మాత్రం వీటన్నిటి కంటే ముందే బయలుదేరారు. అలెప్పోకు చెందిన ఆ నగల వర్తకుడు సూరత్ మీదుగా 1798లో కలకత్తా చేరారు. లక్నోలో అవధ్ నవాబు కొలువులో రత్నాల పరీక్షకుడిగా పనిచేశారు. రంజిత్ సింగ్ ఆయనను పిలిపించి కోహినూరుకు వెల కట్టమన్నారన్న కథ ఆ సమాజంలో చాలాకాలం చెప్పుకున్నారు. నార్కెల్‌డాంగాలోని యూదుల శ్మశానం గురించి కూడా ఇటువంటి కథే ఉంది. పాతిపెట్టేందుకు స్థలం అమ్మమని కోహెన్ అడిగితే, బెంగాలీ మిత్రుడు డబ్బు పుచ్చుకోనన్నాడట. ఊరికే ఇస్తే చెల్లదని, చివరికి వేలి ఉంగరం ఒకటి తీసుకుని స్థలం రాసిచ్చాడట. కథ నిజమైనా కాకపోయినా, తమను ఈ ఊరు ఎలా ఆదరించిందని వారు నమ్మారో దానిలో ఉంది.

కోహెన్‌ను రప్పించినది భయం కాదు, వ్యాపారం. ఆయన వెనుక వచ్చినవారిలో చాలామందికి మాత్రం రెండూ కలిసే ఉన్నాయి. బాగ్దాదులో జరిగినది తరిమితే, కలకత్తా రేవు పిలిచింది.

గోల్కొండ వజ్రాల నాటి పాఠం

యూదు వర్తకులు ఇలా ఒక రేవును ఆశ్రయించడం భారతదేశంలో ఇది మొదటిసారి కాదు. అంతకు నూటయాభై ఏళ్ల క్రితమే తెలుగు నేల వజ్రాల కోసం మరో యూదు వర్గం మద్రాసు చేరింది.

స్పెయిన్ రాజ్యం 1492లో యూదులను దేశం విడిచి పొమ్మంది. పోర్చుగల్ 1497లో వారిని మూకుమ్మడిగా క్రైస్తవంలోకి మార్చింది. పైకి క్రైస్తవులై, ఇంటిలో పాత ఆచారం పాటిస్తున్నారన్న అనుమానంతో వారిని వెంటాడేందుకు మత విచారణ న్యాయస్థానాలు వెలిశాయి. ఆ న్యాయస్థానం 1560లో గోవాకూ వచ్చింది. భారతదేశపు మూలికల గురించి 1563లో గ్రంథం ప్రచురించిన వైద్యుడు గార్సియా ద ఓర్తా అటువంటి కుటుంబంవాడే. ఆయన బతికి ఉండగా ఎవరూ ముట్టలేదు. మరణించిన మరుసటి ఏడాది, 1569లో, ఆయన సోదరి కాతరీనాను గోవాలో సజీవంగా దహనం చేశారు. 1580లో ఆయన ఎముకలను సమాధి నుంచి తవ్వి తీసి కాల్చారు. కొచ్చిన్‌లో 1568లో కట్టిన పరదేశి సినగాగుపై కూడా 17వ శతాబ్దంలో పోర్చుగీసువారి దాడి జరిగింది. భారతదేశంలో యూదులపై ఏనాడూ పీడన లేదన్న మాట తరచు వినిపిస్తుంది. స్థానిక సమాజాల విషయంలో అది చాలావరకు నిజం. ఈ నేలమీద జరిగినదంతా లెక్కలోకి తీసుకుంటే ఆ మాట సరిపోదు.

పోర్చుగల్, స్పెయిన్‌ల నుంచి తప్పించుకున్నవారు ఆమ్‌స్టర్‌డామ్, లండన్, ఇటలీలోని లివోర్నో నగరాల్లో స్థిరపడ్డారు. వారికి మధ్యధరా సముద్రపు పగడాలు దొరికేవి. కృష్ణా తీరంలోని కొల్లూరు వంటి గనుల్లో గోల్కొండ వజ్రాలు దొరికేవి. పగడాలు ఇచ్చి వజ్రాలు కొనడం వారి వ్యాపారం. ఈస్టిండియా కంపెనీ అనుమతితో కొందరు మద్రాసులోని సెయింట్ జార్జి కోటలోనే కాపురం పెట్టారు. వారిలో ప్రముఖుడైన జాక్ ద పైవా 1687లో మద్రాసులోనే మరణించారు. 1688లో మద్రాసు నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు దాని సభ్యుల్లో యూదు వర్తకులకు మూడు స్థానాలు దక్కాయి. అదే కాలంలో ఐరోపాలోని చాలా నగరాల్లో యూదులకు ఇల్లు కొనే హక్కు కూడా లేదు.

తరువాత ఏం జరిగింది? గోల్కొండ గనులు వట్టిపోతూ వచ్చాయి. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడ్డాయి. మద్రాసులో యూదులను ఎవరూ ఏమీ అనలేదు. 18వ శతాబ్దం ముగిసేసరికి మాత్రం ఆ సమాజం దాదాపు అంతరించింది. వర్తకం కోసం వచ్చిన సమాజం వర్తకంతోపాటే కదిలిపోయింది. కలకత్తా కథకు ఇది ముందుమాట వంటిది.

నల్లమందు, నేల, భవనాలు

19వ శతాబ్దపు కలకత్తాలో బాగ్దాదీలు నీలిమందు, పట్టు, నూలు, రత్నాలు అన్నిటిలోనూ వ్యాపారం చేశారు. పెద్ద సంపద మాత్రం నల్లమందుతో వచ్చింది. బీహారులో, కాశీ పరిసరాల్లో రైతుల చేత గసగసాల పంట వేయించి, నల్లమందు తయారు చేయించి, ప్రభుత్వమే కలకత్తాలో వేలం వేసేది. కొన్నవారు ఓడల్లో చైనాకు పంపేవారు. ఈ వ్యాపారంలో స్కాట్లాండువారు, పార్శీలు, మార్వాడీలు, ఆర్మేనియన్లు అందరూ ఉన్నారు. యూదుల్లో ససూన్, ఎజ్రా కుటుంబాలు ముందు వరుసలో నిలిచాయి. నాటి చట్టం ప్రకారం అది నేరం కాదు. అయినా చైనాలో లక్షల కుటుంబాలను నాశనం చేసిన సరుకు అదేనన్న నిజం, కలకత్తా పాత భవనాల అందం వర్ణించేటప్పుడు మరుగున పడిపోతుంటుంది.

20వ శతాబ్దపు తొలి దశకంలో చైనాకు నల్లమందు ఎగుమతిపై ఆంక్షలు మొదలయ్యేనాటికి, ఎజ్రా కుటుంబం తన డబ్బును చాలావరకు నేలమీదకు మళ్లించింది. ఎస్ప్లనేడ్ మాన్షన్స్, చౌరంగీ మాన్షన్స్ వంటి భవనాలు అలా వెలిసినవే. ఎజ్రా స్ట్రీట్ నేటికీ విద్యుత్ దీపాల టోకు బజారుగా కిక్కిరిసి ఉంటుంది. సినగాగ్ స్ట్రీట్ ఉంది. హౌరాలోని బెలిలియస్ రోడ్డు కూడా ఒక యూదు కుటుంబం పేరిట ఏర్పడినదే. కలకత్తా వైద్య కళాశాలలో ఎజ్రా ఆసుపత్రి, అలీపూర్ జంతు ప్రదర్శనశాలలో గబ్బే భవనం వారి దానాలకు గుర్తులు. బి.ఎన్. ఎలియాస్ సంస్థ అగర్‌పాడాలో జనపనార మిల్లునూ పొగాకు కంపెనీనీ నడిపింది.

అయితే ఎజ్రాల పేర్లు మాత్రమే చెబితే చిత్రం తప్పుగా వస్తుంది. సమాజంలో గణనీయమైన భాగం పేదలు. గుమాస్తాలు, చిల్లర దుకాణదారులు, తిరుగుడు బేరగాళ్లు, సినగాగు ఇచ్చే సాయంమీద బతికే వితంతువులు ఉండేవారు. వారి పిల్లల కోసమే ఉచిత పాఠశాల పెట్టారు. ఆడపిల్లల కోసం 1881లో యూదు బాలికల పాఠశాల ప్రారంభమైంది. క్రైస్తవ మిషనరీ బడులకు పంపితే పిల్లలు మతం మారతారేమోనన్న భయం దీనికి ఒక కారణం.

బెత్ ఎల్ సినగాగు 1856లో, మాగెన్ డేవిడ్ 1884లో వెలిశాయి. అన్నిటికంటే పాతదైన నెవె షాలోంను 1911లో పునర్నిర్మించారు. మూడూ ఒకదానికొకటి నడక దూరంలోనే ఉన్నాయి. సబ్బాతు నాడు వాహనం ఎక్కరాదన్న నియమం ఉన్నందున, తొలి తరాలు సినగాగుకు నడిచిపోగలిగిన వీధుల్లోనే కాపురం ఉన్నాయి. అదే చుట్టుకొలతలో ఆర్మేనియన్ల నజరేతు చర్చి, పోర్చుగీసు చర్చి, పార్శీల అగ్ని ఆలయం, నాఖుదా మసీదు కూడా ఉన్నాయి. ఈ ఇరుకు వీధుల్లో ఎవరి దేవుడు వారికి, బేరం మాత్రం అందరిదీ. యూదులు మతప్రచారం చేయరు. పల్లెల్లో భూములపై పెత్తనం లేదు. కులాల వారీగా, తెగల వారీగా విడివిడిగా బతకడం అలవాటైన సమాజానికి మరో చిన్న తెగ భారం కాలేదు. ద్వేషానికి పట్టు దొరకకపోవడానికి ఇవి ముఖ్య కారణాలని చెప్పవచ్చు.

వారి భాష హీబ్రూ లిపిలో రాసే అరబ్బీ. 1870ల నుంచి శతాబ్దం చివరి దాకా ‘మెవాసెర్’, ‘పెరాహ్’, ‘మగ్గీద్ మెషారీమ్’ వంటి పత్రికలు ఆ భాషలో కలకత్తా నుంచి వెలువడ్డాయి. రేవుల్లో సరుకు ధరలు, పెళ్లిళ్ల వార్తలతోపాటు బాగ్దాదు, బస్రా, రంగూన్, సింగపూర్, షాంఘైల యూదుల కబుర్లు వాటిలో ఉండేవి. తరువాతి తరం ఆంగ్లానికి మారిపోయింది. పత్రికలు ఆగిపోయాయి. ప్రవాసంలో పుట్టిన మూడో తరం తాతల భాష చదవలేకపోవడం అంటే ఏమిటో ఖరగ్‌పూర్ తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

తెల్లవారూ కాదు, నల్లవారూ కాదు

ఆంగ్లంతోపాటు మరో కోరిక కూడా వచ్చింది. తమను ‘యూరోపియన్లు’గా గుర్తించాలని బాగ్దాదీ పెద్దలు బ్రిటిష్ ప్రభుత్వాన్ని పదేపదే కోరారు. ఓటర్ల జాబితాల్లోనూ కొలువుల్లోనూ ఆ గుర్తింపుకు విలువ ఉండేది. ప్రభుత్వం ఆ కోరికను నిరాకరించింది. క్లబ్బుల్లో తలుపు కొంత తెరుచుకుంది గాని, పూర్తిగా తెరుచుకోలేదు.

ఈ ఆరాటంలో చేదు అధ్యాయం ఒకటుంది. కొంకణ తీరంలో శతాబ్దాలుగా మరాఠీ మాట్లాడుతూ బతుకుతున్న బెనె ఇజ్రాయేలీలను బాగ్దాదీలు తమతో సమానులైన యూదులుగా అంగీకరించలేదు. వారి రక్తశుద్ధిని శంకించారు. 1836లోనే బొంబాయి యూదుల శ్మశానంలో తమ సమాధులకూ వారి సమాధులకూ మధ్య గోడ కట్టాలని కోరారు. రంగూన్ సినగాగులో ఓటు హక్కు విషయమై తగాదా కోర్టుకెక్కితే, 1935లో అక్కడి హైకోర్టు బెనె ఇజ్రాయేలీల పక్షాన తీర్పు చెప్పింది. పీడన నుంచి పారిపోయి వచ్చినవారు తమ మతస్థులనే దూరం పెట్టడం చిత్రంగా తోచవచ్చు. రంగును బట్టి మనిషి అంతస్తు తేల్చే వలస పాలనలో పైమెట్టు ఎక్కాలనుకున్నవారు కిందివారి చెయ్యి వదిలించుకోవడం ఎక్కడైనా జరిగేదే.

మిశ్రమ కుటుంబాలు లేకపోలేదు. బెంగాలీ తండ్రికీ బాగ్దాదీ తల్లికీ పుట్టిన రెజీనా గుహ న్యాయశాస్త్రం చదివి, వకీలుగా నమోదు చేయమని 1916లో కోరారు. ఆమె స్త్రీ అన్న కారణంతో కలకత్తా హైకోర్టు తిరస్కరించింది. దేశంలో మహిళలకు న్యాయవాద వృత్తి తలుపులు తెరిచిన పోరాటంలో ఆ కేసు తొలి మెట్టు.

యుద్ధం తెచ్చిన జనం

1933లో జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చిన తరువాత, దారులన్నీ మూసుకుపోయిన యూదుల్లో వెయ్యికి పైగా భారతదేశం చేరారు. వైద్యులు, ఇంజినీర్లు, సంగీత విద్వాంసులు వారిలో ఉన్నారు. 1939లో యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ప్రభుత్వం జర్మన్ పాస్‌పోర్టు ఉన్నవారందరినీ శత్రు దేశస్థులుగా అరెస్టు చేసింది. హిట్లర్ నుంచి పారిపోయి వచ్చినవారు హిట్లర్ మనుషులతో కలిసి నిర్బంధంలో గడపవలసి వచ్చింది. విచారణల తరువాత అనేకులను విడుదల చేశారు.

1941 జూన్ 1, 2 తేదీల్లో బాగ్దాదులో యూదుల వాడలపై దాడి జరిగింది. ‘ఫర్హూద్’ అని పిలిచే ఆ రెండు రోజుల హింసలో సుమారు 180 మంది చనిపోయారు. ఇళ్లు, దుకాణాలు దోచుకున్నారు. బంధువులు ఇంకా అక్కడే ఉన్న కలకత్తా కుటుంబాలకు అది దూరపు వార్త కాదు. 1950, 51లలో లక్షా ఇరవై వేల మందికి పైగా ఇరాక్ యూదులు పౌరసత్వం వదులుకుని విమానాల్లో ఇజ్రాయెల్‌కు వెళ్లిపోయారు. రెండున్నర వేల ఏళ్ల సమాజం ఏడాదిన్నరలో ముగిసింది. కలకత్తా యూదులకు మాతృస్థానం అంటూ మిగలలేదు. పెళ్లి సంబంధానికో, మత పండితుడి కోసమో రాసేందుకు అక్కడ దాదాపు ఎవరూ లేరు.

ఇక బర్మా కథ తెలుగువారిది కూడా. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసిన వలస కూలీల్లో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1930 మేలో రంగూన్‌లో తెలుగు రేవు కూలీలపై జరిగిన దాడుల్లో వందకు పైగా మరణించారు. పరాయి ఊరిలో పనికోసం ఉన్నవారిని ‘మన పొట్ట కొట్టేవారు’గా చూపి మూక కదిలితే ఏమవుతుందో తెలుగు సమాజం అప్పుడే చవిచూసింది. 1941 డిసెంబరులో జపాన్ రంగూన్‌పై బాంబులు వేసింది. లక్షలాది భారతీయులు ఓడల్లో కొందరు, అడవుల గుండా కాలినడకన ఎందరో బయలుదేరారు. దారిలో కలరాకు, ఆకలికి వేల మంది బలయ్యారు. ఆ జనప్రవాహంలో తెలుగు కూలీలు ఉన్నారు, రంగూన్ 26వ వీధి సినగాగుకు వెళ్లే బాగ్దాదీ యూదులూ ఉన్నారు. కలకత్తా యూదుల సంఖ్య ఎన్నడూ లేనంతగా పెరిగినది అప్పుడే. పాఠశాల భవనాల్లో, బంధువుల ఇళ్లలో వారికి తావు చూపారు.

1944లో ఖరగ్‌పూర్ కూడా ఈ యుద్ధపటంలోకి ఎక్కింది. అమెరికన్ 20వ బాంబర్ కమాండ్ తన ప్రధాన కార్యాలయాన్ని హిజ్లీలో పెట్టింది. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయిన నిర్బంధ శిబిరం ఉన్నది ఆ హిజ్లీలోనే. తరువాత ఐఐటీ మొదలైనదీ అక్కడే. చుట్టుపక్కల విమానాశ్రయాల నుంచి బి-29 విమానాలు జపాన్ ఆక్రమిత ప్రాంతాలపైకి లేచాయి. బెంగాల్ నిండా ఉన్న అమెరికన్, బ్రిటిష్ సైనికుల్లో యూదులు కలకత్తాకు సెలవుపై వచ్చినప్పుడు, స్థానిక యూదు కుటుంబాలు పండుగ విందులకు పిలిచేవి. మాగెన్ డేవిడ్ సినగాగు అంతగా నిండినది ఆ రెండు మూడేళ్లే.

కలకత్తాలో పుట్టిన జె.ఎఫ్.ఆర్. జేకబ్ ఆ యుద్ధకాలంలోనే సైన్యంలో చేరారు. ఐరోపాలో యూదులపై జరుగుతున్న ఘోరాలు విని చేరానని ఆయన చెప్పేవారు. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేనల లొంగుబాటు పత్రం కుదిర్చిన తూర్పు కమాండ్ సైనికాధికారి ఆయనే. గోవా, పంజాబ్ గవర్నరుగా పనిచేసి 2016లో మరణించారు. వెళ్లిపోకుండా ఉండిపోయినవారిలో ఆయన పేరు దేశమంతటికీ తెలిసింది.

ఎందుకు వెళ్లారు?

1943 కరువులో కలకత్తా కాలిబాటలపై జనం చనిపోయారు. 1946 ఆగస్టు 16న మొదలైన మతకల్లోలంలో వేల మంది హతమయ్యారు. చంపినదీ చచ్చినదీ హిందువులు, ముస్లింలు. యూదుల జోలికి ఎవరూ రాలేదు. అయితే వారి ఇళ్లు, దుకాణాలు ఉన్నది ఆ రెండు వర్గాల వాడల నడుమే. కిటికీ చాటునుంచి వీధిలో శవాలు చూసినవారికి, తమను ముట్టలేదన్నది పూర్తి ధైర్యం ఇవ్వదు. మూక అంటే ఏమిటో బాగ్దాదు కబుర్లు అప్పటికే చెప్పి ఉన్నాయి.

ఏడాది తిరగకముందే స్వాతంత్ర్యం, విభజన వచ్చాయి. బ్రిటిష్ కంపెనీలతో పెనవేసుకున్న ఎగుమతి వ్యాపారం దెబ్బతింది. జనపనార పండే పొలాలు తూర్పు పాకిస్తాన్‌లో, మిల్లులు కలకత్తాలో మిగిలాయి. దిగుమతులకు లైసెన్సులు, విదేశీ మారకంపై కట్టుబాట్లు వచ్చాయి. మద్రాసు వజ్రాల వర్తకులకు ఎదురైన స్థితే వీరికీ ఎదురైంది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది. మతనిష్ఠ గలవారు, పేదవారు అక్కడికి వెళ్లారు. ఆంగ్లంలో చదువుకున్నవారు లండన్, సిడ్నీ, అమెరికా చేరారు. పిల్లలకు యూదు కుటుంబంలోనే పెళ్లి చేయాలంటే జనం ఉన్న చోటికి వెళ్లాలి. ఒక కుటుంబం కదిలితే మిగిలినవారికి సంబంధాలు ఇంకా తగ్గుతాయి. సంఖ్య ఒక హద్దు దాటి పడిపోయాక, సమాజం ఖాళీ కావడానికి వేరే శత్రువు అక్కరలేదు.

భారతీయులమని తాము అనుకున్నారా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. తమను యూరోపియన్లుగా చూడమని అడిగిన తరం ఉంది. సైన్యంలో, సినిమాల్లో, బడుల్లో ఈ దేశం పనిచేసిన తరం ఉంది. 1947లో తొలి మిస్ ఇండియాగా ఎన్నికైన నటి ప్రమీల, అసలు పేరు ఎస్తేర్ విక్టోరియా అబ్రహాం, కలకత్తా యూదు కుటుంబంలోనే పుట్టారు. వలస పాలనకు దగ్గరగా నిలబడినందుకు ఈ సమాజం మూల్యం చెల్లించిందన్న వాదన ఉంది. దానిలో కొంత నిజం ఉన్నా, అదే కాలంలో కలకత్తా ఆర్మేనియన్లు, చైనీయులు, ఆంగ్లో-ఇండియన్లు కూడా తగ్గిపోయారు. రేవు మీద బతికిన చిన్న సమాజాలన్నిటికీ రేవు కుంగినప్పుడు పట్టిన గతే ఇది.

దేశంలోని ఇతర యూదుల కథ ఇలాగే ఉందనుకోరాదు. ముంబయిలో బెనె ఇజ్రాయేలీలు ఇంకా వేలల్లో ఉన్నారు. మణిపూర్, మిజోరంలలో బ్నెయ్ మెనాషే వర్గం ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయీములు చిన్న సినగాగు నడుపుకుంటున్నారు. యూదులకు ఈ దేశంలో ప్రమాదమే లేదని కూడా అనలేము. 2008 నవంబరులో ముంబయిపై దాడి చేసిన పాకిస్తానీ ఉగ్రవాదులు నారిమన్ హౌస్‌ను ఎంచుకున్నది అక్కడ యూదులు ఉన్నందుకే. యూదు మతగురువు దంపతులతో సహా ఆరుగురిని అక్కడ చంపారు.

ఇప్పుడు ఎవరు కాపాడుతున్నారు?

బెత్ ఎల్, మాగెన్ డేవిడ్ సినగాగులు భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. మరమ్మతుల అనంతరం 2017 డిసెంబరులో వాటిని తిరిగి ప్రారంభించారు. పాత కుటుంబాల వారసులు విదేశాల నుంచి వచ్చారు.

రోజూ తలుపు తీసేది, దీపాల గుబ్బలు తుడిచేది, బల్లల దుమ్ము దులిపేది ముస్లింలు. ఒడిశాలోని పూరీ జిల్లా కాకట్‌పూర్ ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు తరాలుగా ఈ పనిలో ఉన్నాయి. తండ్రి తరువాత కొడుకు బాధ్యత తీసుకున్న సందర్భాలున్నాయి. పశ్చిమాసియాలో యుద్ధం జరిగిన ప్రతిసారీ విలేకరులు వచ్చి ఈ పని మీకెలా అనిపిస్తుందని వారిని అడుగుతుంటారు. ఇదీ దేవుడి ఇల్లేనన్నది వారు సాధారణంగా చెప్పే జవాబు.

యూదు బాలికల పాఠశాల పార్కు స్ట్రీట్‌లో నడుస్తూనే ఉంది. చదివే ఆడపిల్లల్లో అత్యధికులు ముస్లింలు. యూదు విద్యార్థిని ఒక్కరూ లేరు. బడి చిహ్నంలో దావీదు నక్షత్రం మాత్రం అలాగే ఉంది. న్యూ మార్కెట్‌లో నహూమ్ అండ్ సన్స్ బేకరీ 1916 నుంచి అదే చోట ఉంది. బాగ్దాదు నుంచి వచ్చిన నహూం ఇజ్రాయెల్ మొర్దెకై 1902లో ప్రారంభించిన వ్యాపారమది. క్రిస్మస్‌కు ముందు వారం ప్లమ్ కేకు కోసం హిందూ, క్రైస్తవ, ముస్లిం కొనుగోలుదారులు గంటల తరబడి వరుసలో నిలబడతారు. సినగాగు లోపల చూడాలనుకునేవారు ఒకప్పుడు ఈ దుకాణానికే వెళ్లి అనుమతి చీటీ రాయించుకునేవారు. దుకాణం యజమాని, సమాజ పెద్ద అయిన డేవిడ్ నహూం 2013లో కన్నుమూశారు. ఆయనను నార్కెల్‌డాంగా శ్మశానంలో సమాధి చేశారు. ఆ స్థలంలో ఇంకా చాలా ఖాళీ ఉంది.